అమ్మకి మెటల్ వాల్వు ఉంది, దవడ పన్ను తీయాలి. పంటికీ గుండెకీ ఏమిటి సంబంధం?

కృష్ణలంక_రవి
మా అమ్మకి 58 ఏళ్ళు. చిన్నప్పుడు వచ్చిన కీళ్ళ జ్వరం వల్ల మిట్రల్ వాల్వు పాడైతే ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి మెటల్ వాల్వు పెట్టారు. రోజూ ఎసిట్రోం (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్ర) వేసుకుంటుంది. ఇప్పుడు కింది దవడ పన్ను పుచ్చిపోయి చిగురు వాచింది. పళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే నోరు కూడా చూడకుండా "గుండె డాక్టరు దగ్గర కాగితం తెండి" అన్నారు. గుండె డాక్టరు "యాంటీబయాటిక్ కవర్‌తో తీయవచ్చు" అని ఒక్క లైను రాసిచ్చారు. అది చూసి పళ్ళ డాక్టరు "ఏ మందో, ఎంతో రాయలేదు కదా" అని మళ్ళీ వెనక్కి పంపారు. ఈలోగా అమ్మ ఒక పక్కే నములుతోంది, రాత్రిళ్ళు నిద్ర లేదు. పన్ను పీకడానికి ఇంత హడావుడి దేనికి? నిజంగా అంత ప్రమాదమా, లేక ఎవరికి వాళ్ళు తమ మీద పడకుండా చూసుకుంటున్నారా?

వాల్వు_సుబ్బు
నాకూ మెటల్ వాల్వే, అయోర్టిక్. కాగితం తెమ్మనడం మంచిదే రవిగారూ, అడగకుండా పీకేసేవాళ్ళని చూస్తేనే భయపడాలి. కానీ మిమ్మల్ని అటూ ఇటూ తిప్పడం తప్పు. ఆ ఇద్దరూ ఒక్క ఫోను చేసుకుంటే అయిపోయేది.

దంతవైద్యం_నెల్లూరు
ప్రమాదం నిజమే. వివరంగా చెప్తాను.

నోట్లో వందల రకాల బ్యాక్టీరియా ఉంటాయి. వాటిలో విరిడాన్స్ స్ట్రెప్టోకాకస్ అనే గుంపు పళ్ళ మీది పాచిలో ఉంటుంది. సాంగ్వినిస్, మైటిస్, మ్యూటన్స్ అన్నీ ఆ గుంపులోవే. పన్ను పీకినప్పుడు, చిగురు లోపలి గార గీకినప్పుడు అవి రక్తంలోకి వెళ్తాయి. మామూలు మనిషిలో కాసేపట్లోనే శరీరం వాటిని ఏరిపారేస్తుంది. పాడైన వాల్వు మీదా, పెట్టుడు వాల్వు చుట్టూ కుట్లు వేసిన చోటా గరుకుగా ఉంటుంది, అక్కడ ముందే సన్నగా రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు, ఫైబ్రిన్ పేరుకుని ఉంటాయి. వీటిలో చాలా రకాలు చక్కెర నుంచి ఒక బంక తయారుచేసుకుంటాయి, పంటిని పట్టుకుని ఉండటానికి అది సాయపడుతుంది. ఆ బంకే వాల్వు దగ్గరా పనికొస్తుంది. నూతి రాళ్ళకి నాచు పట్టినట్టు పట్టి, పొర మీద పొర పెరుగుతుంది. దాన్ని వెజిటేషన్ అంటారు, జబ్బు పేరు ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. ఆ గడ్డ లోపలికి తెల్లకణాలు సరిగా చొరబడలేవు. వాల్వు చిరగొచ్చు, ఊడి పక్కనుంచి రక్తం కారొచ్చు. ఒక ముక్క విరిగి మెదడుకి వెళ్తే పక్షవాతం. మందు లేకుండా వదిలేస్తే మనిషి దక్కడు.

పెట్టుడు వాల్వు ఉన్నవాళ్ళు అన్ని మార్గదర్శకాల్లోనూ పై వరసలో ఉంటారు. పెన్సిలిన్ పడనివాళ్ళు కాకపోతే మామూలుగా ఇచ్చేది అమాక్సిసిల్లిన్ 2 గ్రాములు, పన్ను తీయడానికి 30 నుంచి 60 నిమిషాల ముందు, ఒక్కటే డోసు. ఐదు రోజుల కోర్సు దీనికి అక్కర్లేదు. రవిగారూ, ఒక్క మాట చెప్పండి. అమ్మగారికి పెనిడ్యూర్ ఇంజెక్షన్ ఇంకా వేయిస్తున్నారా?

గుంటూరు_కారం
మా తాత ఎనభై దాటే వరకూ వేపపుల్లతో తోముకుని, కదిలిన పన్ను దారం కట్టి లాక్కున్నాడు. గుండెకి ఏమీ కాలేదు. ఇలాంటి లింకులన్నీ ఈ మధ్య పుట్టినవి, మందులు అమ్ముకోడానికి.

దంతవైద్యం_నెల్లూరు
@గుంటూరు_కారం మీ తాతగారి వాల్వులు బాగున్నాయి కాబట్టి ఏమీ కాలేదు. ఇది ఈ మధ్య పుట్టిన సంగతీ కాదు. విలియం ఆస్లర్ అనే పేరున్న డాక్టరు లండన్‌లో ఈ జబ్బు మీద ఉపన్యాసాలిచ్చింది 1885లో. పన్ను పీకిన వెంటనే రక్తం తీసి కల్చర్ చేస్తే (క్రిములు పెరుగుతాయేమో ల్యాబులో చూస్తే) చాలామందిలో స్ట్రెప్టోకాకస్ పెరిగిందని ఓకెల్, ఇలియట్ అనే ఇద్దరు ఇంగ్లండులో 1935లోనే ప్రచురించారు. అప్పటికి అమ్మడానికి పెన్సిలిన్ బజార్లోనే లేదు.

కృష్ణలంక_రవి
@దంతవైద్యం_నెల్లూరు అవునండీ, పెనిడ్యూర్ 21 రోజులకోసారి వేయిస్తున్నాం, ఆపరేషన్ తర్వాత కూడా ఆపొద్దన్నారు. అదీ పెన్సిలినే కదా, మళ్ళీ ఇంకో మందు ఎందుకు?

దంతవైద్యం_నెల్లూరు
చాలామంది తికమకపడేది ఇక్కడే. రెండు జబ్బులు, రెండు క్రిములు. కీళ్ళ జ్వరం తెచ్చేది గొంతునొప్పి స్ట్రెప్టోకాకస్. దాని మీద శరీరం చేసే పోరాటమే దారి తప్పి సొంత వాల్వుని దెబ్బతీస్తుంది, క్రిమి వాల్వు మీద కాపురం పెట్టదు. పెనిడ్యూర్ ఆ గొంతు క్రిమి మళ్ళీ రాకుండా వేసేది, రక్తంలో కొద్ది మోతాదులో చాలా రోజులు ఉంటుంది. ఎండోకార్డైటిస్‌లో నోటి క్రిమే స్వయంగా వచ్చి వాల్వు మీద కూర్చుంటుంది. పన్ను తీసేటప్పుడు దాన్ని ఆపడానికి పెనిడ్యూర్ మోతాదు చాలదు. పైగా ఏళ్ళ తరబడి పెన్సిలిన్ వాడే మనిషి నోట్లో దానికి లొంగని స్ట్రెప్టోకాకస్‌లు తయారై ఉండొచ్చు. అందుకని ఇలాంటివాళ్ళకి అజిత్రోమైసిన్ 500 మి.గ్రా. లాంటి వేరే జాతి మందు ఎంచుకుంటారు. "పెనిడ్యూర్ మీద ఉంది, మందు పేరు, మోతాదు రాయండి" అని గుండె డాక్టరుని అడగండి. ఎసిట్రోం ఉంది కాబట్టి ఏ యాంటీబయాటిక్ వేసినా ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచగా ఉందో చెప్పే పరీక్ష) మారొచ్చు, అదీ గుర్తుచేయండి.

వాల్వు_సుబ్బు
ఎసిట్రోం మాత్రం మీ అంతట మీరు ఆపకండి. నాకు పన్ను తీసినప్పుడు ఆపలేదు. ముందు రోజు ఐఎన్ఆర్ చూసి, తీసిన చోట కుట్టు వేసి, రక్తం ఆపే ట్రానెక్సామిక్ యాసిడ్‌లో తడిపిన గాజుగుడ్డ కొరికిపట్టమన్నారు. కొంచెం ఊరింది, ఆగిపోయింది. మా పక్కవీధి ఆయన రక్తం కారుతుందని భయపడి నాలుగు రోజులు మానేస్తే వాల్వులో గడ్డకట్టి ఐసీయూ దాకా వెళ్ళాడు.

గుంటూరు_కారం
సరే, తాతని వెనక్కి తీసుకుంటున్నాను :) నిజంగా తెలుసుకుందామనే అడుగుతున్నా. బ్రష్ చేస్తే కూడా చిగుళ్ళ నుంచి రక్తం వస్తుంది కదా, మరి రోజూ పొద్దున్నే ఆ బ్యాక్టీరియా గుండెకి వెళ్ళదా?

మైక్రోల్యాబ్_పద్మ
వెళ్తుంది. అమెరికాలో 290 మంది మీద చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2008లో వచ్చాయి. ఊరికే బ్రష్ చేసినవాళ్ళలో 23 శాతం మంది రక్తంలో ఎండోకార్డైటిస్ తేగల క్రిములు దొరికాయి. పన్ను తీసినవాళ్ళలో మందు లేకుండా 60 శాతం, ముందు అమాక్సిసిల్లిన్ ఇస్తే 33 శాతం. పన్ను తీయించుకోవడం జీవితంలో ఏ నాలుగైదుసార్లో. బ్రష్ రోజుకి రెండుసార్లు. ఏడాది మొత్తం కూడితే ఏది ఎక్కువో చూడండి.

సీమబిడ్డ
అట్లయితే పళ్ళు తోముకోవడం మానేయాల్నా ఏంది? మా నాయనకు కూడా వాల్వు జబ్బే, ఇంట్లో చెప్తే అదే పట్టుకుంటాడు.

దంతవైద్యం_నెల్లూరు
మానేస్తే పాచి పెరుగుతుంది, చిగురు వాస్తుంది, అప్పుడు అన్నం నమిలినా క్రిములు లోపలికి పోతాయి. గట్టిగా, గులాబీ రంగులో ఉన్న చిగురైతే అంత తేలిగ్గా దాటనివ్వదు. వాచి, ముట్టుకుంటే రక్తం కారే చిగురు తలుపు తీసిన ఇల్లే. వాల్వు ఉన్నవాళ్ళు మెత్తటి బ్రష్, ఫ్లోరైడ్ పేస్టు, ఆరు నెలలకోసారి పళ్ళ డాక్టరు, ఇవి తప్పించుకోకూడదు. నాన్నగారికి పొగాకు, గుట్కా ఉంటే ముందు అవి మాన్పించండి. ఇటుకపొడి, బొగ్గుపొడి, ఉప్పు పెట్టి రుద్దడం కూడా చిగుళ్ళని కోసేస్తుంది.

గోదారిగట్టు
నువ్వుల నూనె పుక్కిలిస్తే చిగుళ్ళు గట్టిపడతాయి, మా ఇంట్లో తరతరాల అలవాటు. దాని గురించి ఎవరూ చెప్పరేం?

దంతవైద్యం_నెల్లూరు
చేసుకోండి, బ్రష్ చేసిన తర్వాత. చిగురు లోపల గట్టిపడిన గార నూనెకి రాదు, పరికరంతోనే తీయాలి.

బర్మింగ్‌హామ్_లత
ఇక్కడ నర్సుగా చేస్తున్నాను. ముందు డోసు విషయంలో దేశానికో మాట ఉంది. అమెరికా గుండె సంఘం 1955 నుంచి పన్ను తీసే ముందు పెన్సిలిన్ చెప్తూ వచ్చింది. 2007లో ఆ జాబితాని బాగా కుదించింది. పెట్టుడు వాల్వు ఉన్నవాళ్ళు, ఇంతకుముందు ఒకసారి ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్ళు, పుట్టుకతో వచ్చిన కొన్ని గుండె జబ్బులవాళ్ళు, గుండె మార్పిడి తర్వాత వాల్వు కారేవాళ్ళు, వీళ్ళకే ఇమ్మంది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్ ఇంకా ముందుకెళ్ళి 2008లో ఎవరికీ వద్దంది. తర్వాతి ఏళ్ళలో ఇంగ్లండులో కేసులు పెరిగాయని లాన్సెట్ అనే వైద్య పత్రికలో 2015లో ఒక విశ్లేషణ వచ్చింది. మందు ఆపడం వల్లే పెరిగాయని అది రుజువు చేయలేదు, కానీ డాక్టర్లలో కదలిక వచ్చింది. 2016లో నైస్ తన వాక్యంలో "మామూలుగా" అవసరం లేదు అని ఒక మాట చేర్చింది. ఆ ఒక్క మాటతో పెట్టుడు వాల్వు ఉన్నవాళ్ళకి ఇచ్చే వెసులుబాటు వచ్చింది.

సీమబిడ్డ
మా నాయనకు ఆపరేషన్ కాలేదు. రుమాటిక్ వాల్వు (కీళ్ళ జ్వరంతో పాడైంది), మిట్రల్ సన్నబడింది అన్నారు. లతక్కా, నీ లెక్కన ఆయనకు మందు వద్దనేనా? మా కడప డాక్టరు ఖచ్చితంగా వేసుకోమన్నాడే.

బర్మింగ్‌హామ్_లత
అమెరికా జాబితా ప్రకారం రాదు. కానీ ఆ జాబితా రాసినవాళ్ళ దగ్గర రుమాటిక్ వాల్వులు అరుదైపోయాయి. మన దగ్గర ఇంకా చాలా ఉన్నాయి.

మెల్బోర్న్_శ్రీను
ఇక్కడ ఆస్ట్రేలియాలో ఆదివాసుల్లో రుమాటిక్ గుండె జబ్బు చాలా ఎక్కువ. అందుకని ఇక్కడి మార్గదర్శకాల్లో ఆపరేషన్ కాని రుమాటిక్ వాల్వుకి కూడా ముందు డోసు ఇవ్వమని ఉంది. మీ కడప డాక్టరుగారి మాట గాలిలోది కాదు.

దంతవైద్యం_నెల్లూరు
నేను లతగారితో కొంత విభేదిస్తాను. నా కుర్చీలో రుమాటిక్ వాల్వు ఉన్న మనిషి కూర్చుని, చిగురంతా చీము పట్టి ఉంటే, జాబితా చూపించి మందు లేదనలేను. గుండె డాక్టరుని అడుగుతాను, ఆయన ఇమ్మంటే ఇస్తాను. కానీ "గుండె జబ్బు" అన్న ప్రతివాళ్ళకీ ఇవ్వడం తప్పే. స్టెంటు వేసినవాళ్ళు, బైపాస్ అయినవాళ్ళు, బీపీ ఉన్నవాళ్ళు వచ్చి అడుగుతుంటారు. వాళ్ళకి దీంతో పని లేదు.

ఓరుగల్లు_సమ్మన్న
మీరందరు గోళీ వెయ్యాల్నా వద్దా అని మాట్లాడుతున్నరు. మా తమ్మునికి అయిన సంగతి చెప్త, ఇనుండ్రి.

వానికి చిన్నప్పటి నుంచే వాల్వు లీకు. పన్ను పుచ్చింది, అట్లనే ఇడిశిపెట్టిండు. తర్వాత సన్న జరం మొదలైంది. పొద్దుగూకితే వచ్చుడు, రాత్రి చెమటలు, పొద్దుగాల పనికి పోవుడు. ఊర్ల ఆర్ఎంపీ విడాల్ పరీక్ష జేపిచ్చి టైఫాయిడ్ అన్నడు, గోళీలిచ్చిండు. గోళీలున్నన్ని దినాలు తగ్గింది, బంద్ జెయ్యంగనే మల్ల వచ్చింది. ఇంకో దవాఖాన్ల వేరే గోళీలు. మల్ల గంతే. ఆఖరికి టీబీ అని అనుమానపడ్డరు. మనిషి సగమైండు. ఒక దినం మాట తడబడి కుడి చెయ్యి పడిపోయింది. అప్పుడు హైదరాబాద్ తీస్కపోతే ఎకోల వాల్వు మీద గడ్డ కనిపిచ్చింది. గని రక్తం కల్చర్ల ఏం రాలే. అన్ని తీర్ల గోళీలు మింగినంక ఏమొస్తది అన్నరు. ఏ క్రిమో తెల్వకుంటనే మందులు వెట్టిన్రు. బతికిండు, చెయ్యి ఇంక పూర్తిగ రాలే. గోళీ సంగతి తర్వాత, వాల్వు ఉన్నోళ్ళకు జరమొస్తే రక్తం కల్చర్ జెయ్యకుంట ఎవ్వడు మందియ్యొద్దు. నాకు తెల్సింది గిదొక్కటే.

మైక్రోల్యాబ్_పద్మ
సమ్మన్న గారూ, చదువుతుంటే బాధేసింది. మా ల్యాబుకి ఇలాంటి సీసాలు ఎన్నో వస్తాయి. ఒక్క పూట యాంటీబయాటిక్ పడినా క్రిమి పెరగకపోవచ్చు. గడ్డ లోపల బతికే ఉంటుంది, రక్తంలో దొరకదు. విడాల్ ఒక్కటి చూసి టైఫాయిడ్ అనడం మన జిల్లాల్లో పెద్ద రోగమే. ఎప్పుడో వచ్చిన జ్వరానికో, టీకాకో కూడా అది పాజిటివ్ వస్తుంది.

కృష్ణలంక_రవి
సమ్మన్న గారి పోస్టు చదివాక కాళ్ళూ చేతులూ ఆడట్లేదు. అమ్మకి కూడా కొన్నాళ్ళుగా సాయంత్రం ఒళ్ళు వెచ్చబడుతోంది. 100 దాటదు. పంటి వాపు వల్ల అనుకున్నాం. అన్నం సయించట్లేదు, బరువు తగ్గింది. ఇవాళ మా వీధి ఆర్ఎంపీ టైఫాయిడ్ అయ్యుంటుందని సెఫిక్సిమ్ అనే యాంటీబయాటిక్ రాశారు. స్ట్రిప్పు కొన్నాం, రాత్రి భోజనం తర్వాత మొదలుపెట్టాలి.

మైక్రోల్యాబ్_పద్మ
మొదలుపెట్టకండి. ఇవాళే వాల్వు ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి, లేదా కార్డియాలజీ ఉన్న దగ్గరి పెద్దాసుపత్రి క్యాజువాల్టీకి వెళ్ళండి.

ఓరుగల్లు_సమ్మన్న
తమ్మీ, రేపటిదాంక ఆగకు. అమ్మకు మాట తడబడుతదా, చెయ్యి గుంజుతదా చూస్కో.

వాల్వు_సుబ్బు
డిశ్చార్జి కాగితం, ఎసిట్రోం పుస్తకం, వాల్వు కార్డు మూడూ పట్టుకెళ్ళండి. లోపలికి అడుగుపెట్టగానే చెప్పాల్సింది "జ్వరం" అని కాదు, "మెటల్ వాల్వు ఉన్న మనిషికి జ్వరం" అని.

మైక్రోల్యాబ్_పద్మ
మూడు సెట్లు బ్లడ్ కల్చర్ అడగండి, మూడూ వేరు వేరు చోట్ల గుచ్చి తీయాలి. ఒక్కటే తీస్తే, అందులో ఏదైనా పెరిగినా చర్మం మీది క్రిమేమో అన్న అనుమానం మిగిలిపోతుంది. మెటల్ వాల్వు అయితే ఛాతీ మీద నుంచి తీసే ఎకోలో లోహం నీడ అడ్డం వస్తుంది, గొంతులోంచి గొట్టం దింపి తీసే టీఈఈ కావాలంటారు. భయపడకండి, అది పావుగంట పని.

దంతవైద్యం_నెల్లూరు
పళ్ళ సంగతి కూడా వాళ్ళకి చెప్పండి. చిగురు వాచిందనీ, ఏ పన్నో కూడా. నోరు చూడకుండానే వార్డులో రోజులు గడిచిపోయిన కేసులు ఉన్నాయి.

వీణాపాణి
రవిగారు వచ్చేలోగా ఒక సంగతి. గుస్తావ్ మాలర్ అని ఆస్ట్రియా సంగీతకారుడు, సింఫనీలు రాసినాయన. వాల్వు జబ్బుందని 1907లో తెలిసింది. 1911లో న్యూయార్కులో ఉండగా తగ్గని జ్వరం వచ్చింది. లిబ్మన్ అనే డాక్టరు అనుమానించి, తన దగ్గరి కుర్ర డాక్టరు చేత రక్తం తీయించి కల్చర్ చేయిస్తే స్ట్రెప్టోకాకస్ పెరిగింది. జబ్బేమిటో స్పష్టంగా తెలుసు, మందు మాత్రం లోకంలో లేదు. వియన్నాకి తీసుకెళ్ళారు, అదే ఏడాది మే 18న పోయాడు, 50 ఏళ్ళకే. ఇవాళ పెన్సిలిన్, సెఫ్ట్రియాక్సోన్ ఉండి, కల్చర్ చేయకపోవడం వల్ల మనిషిని పోగొట్టుకుంటే ఎంత అన్యాయం!

గుంటూరు_కారం
రవిగారు ఏమన్నా రాశారా? ఫోను చూస్తూనే ఉన్నా.

కృష్ణలంక_రవి
ఆలస్యమైంది, క్షమించండి. ఆ రాత్రే తీసుకెళ్ళాం. సుబ్బుగారు చెప్పినట్టే చెప్తే క్యాజువాల్టీలో వెంటనే లోపలికి తీసుకున్నారు. మందు మొదలుపెట్టక ముందే మూడు చోట్ల రక్తం తీశారు. మర్నాడు సాయంత్రానికే సీసాల్లో పెరుగుదల కనిపించిందన్నారు. పేరు వచ్చింది: స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్. టీఈఈలో వాల్వు అంచు మీద చిన్న వెజిటేషన్ ఉంది. వాల్వు ఊడలేదు, పక్క నుంచి లీకు లేదు, మెదడు స్కాను బాగుంది. ఆరు వారాలు సెఫ్ట్రియాక్సోన్ నరంలోకి, మొదటి రెండు వారాలు జెంటామైసిన్ కూడా. ఇప్పటికైతే ఆపరేషన్ అక్కర్లేదన్నారు. అమ్మకి జ్వరం తగ్గింది, ఇవాళ పెరుగన్నం అడిగి తింది.

ఆ సెఫిక్సిమ్ స్ట్రిప్పు డాక్టరుకి చూపిస్తే "వేసుంటే ఈ పేరు మనకి దొరికేది కాదేమో" అన్నారు. మీ అందరికీ ఏం చెప్పాలో తెలియట్లేదు.

ఓరుగల్లు_సమ్మన్న
గంతే సాలు తమ్మీ. మా తమ్మునికి సదివి వినిపిచ్చిన. చానా సంతోషపడ్డడు.

మైక్రోల్యాబ్_పద్మ
సాంగ్వినిస్ అంటే దాదాపు నోటిదే. జెంటామైసిన్ ఉన్నన్ని రోజులూ క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూస్తున్నారా కనుక్కోండి. అమ్మగారికి చెవిలో హోరు, తల తిప్పడం ఉంటే వెంటనే చెప్పమనండి. మధ్యలో మళ్ళీ కల్చర్ తీసి రక్తం శుభ్రపడిందో లేదో చూస్తారు, ఆ రిపోర్టు అడిగి తీసుకోండి.

సీమబిడ్డ
ఆరు వారాలంటే ఖర్చు ఎట్లన్నా? ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర డెస్కు ఉంటుంది, ఆయమ్మనో ఆయననో పట్టుకో. వాల్వు వేసిన కాగితం చూపించు.

కృష్ణలంక_రవి
అడిగాం, పని జరుగుతోంది. పద్మగారూ, క్రియాటినిన్ చూస్తున్నారట. ఇప్పుడు అసలు ప్రశ్నకే వచ్చాను. ఆ పన్ను ఎప్పుడు తీయించాలి? వార్డులో ఒకరు ఆరు వారాలూ అయ్యాక అంటున్నారు, ఇంకొకరు ఇప్పుడే అంటున్నారు.

దంతవైద్యం_నెల్లూరు
గుండె పరిస్థితి నిలకడగా ఉంటే ఇప్పుడే, ఆసుపత్రిలో ఉండగానే. నరంలో మందు ఎక్కుతోంది కాబట్టి ఆ సెఫ్ట్రియాక్సోన్ డోసునే పన్ను తీయడానికి అరగంట, గంట ముందు పడేలా చూసుకుంటే చాలు. కారణమైన పన్ను నోట్లోనే ఉంచి ఇంటికి పంపితే మళ్ళీ అదే ప్రమాదం. పీకే ముందు ఓపీజీ (పళ్ళన్నీ ఒకేసారి కనిపించే) ఎక్స్‌రే తీయించండి, పైకి బాగున్న పళ్ళ వేళ్ళ కింద కూడా చీముండొచ్చు. తీయాల్సినవన్నీ ఒకేసారి తేల్చుకోవాలి.

కృష్ణలంక_రవి
ఓపీజీ తీశారు. పక్క పన్ను వేరు కింద కూడా నల్లటి మచ్చ ఉందట, రెండూ గురువారం తీస్తారు. ఈసారి ఇద్దరు డాక్టర్లూ మంచం దగ్గరే నిలబడి మాట్లాడుకున్నారు. తీశాక తిండి ఎలా?

దంతవైద్యం_నెల్లూరు
మొదటి రోజు చల్లారిన మెత్తటి అన్నం, పెరుగు. వేడివి వద్దు, స్ట్రా వద్దు, 24 గంటలు పుక్కిలించొద్దు. మర్నాటి నుంచి గోరువెచ్చటి ఉప్పునీళ్ళు నోట్లో పోసుకుని మెల్లగా వదిలేయమనండి. నొప్పికి పారాసెటమాలే. బ్రూఫెన్, డైక్లోఫెనాక్ ఎసిట్రోంతో కలవకూడదు, నర్సుకి కూడా గుర్తుచేయండి.